హరీంద్రన్ మాష్ వేసిన మార్కులు

కేరళలోని వడకరలో హరీంద్రన్ మాష్ దగ్గర లెక్కలు చెప్పించుకోని కుటుంబం అరుదు. మాష్ అంటే ఆ వైపు మాస్టారని. అయితే లెక్కల మాస్టార్లు ఊరినిండా ఉంటారు, ఈయన పేరు నిలిచింది మాత్రం సినిమాల వల్ల. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్నేహితులతో కలిసి ఫిలిం సొసైటీ పెట్టాడు. ఆదివారాలు గ్రంథాలయం హాల్లో తెర కట్టి సినిమా వేసేవాళ్ళు. మర్నాడు ఆ సినిమా గురించి ఒక కాగితం అచ్చయ్యేది. అందులో అందరూ వ్యాసాలు రాస్తే మాష్ మార్కులు వేసేవాడు. కథకింత, నటనకింత, కెమెరాకింత, శబ్దానికింత, అంతా కలిపి వందకు. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే చెయ్యి కదా, ఎక్కడా పొల్లు పోయేది కాదు. కొన్నాళ్ళకు కోళిక్కోడ్‌లోని ఒక వారపత్రిక ఆ మార్కుల్ని ప్రతివారం వేసుకోవడం మొదలుపెట్టింది.

ఒకసారి ఒక దర్శకుడు ఏదో పెళ్ళికి వడకర వచ్చి, పనిగట్టుకుని మాష్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు.

"నా సినిమాకి ముప్ఫై ఎనిమిది వేసింది మీరేనా?"

"నేనేనండీ. లోపలికి రండి, టీ తాగుదురు గానీ."

"ఇంకో రెండు కలిపి నలభై చేస్తే మీ సొమ్మేం పోయింది?"

"మా బడిలో ముప్ఫై అయిదు వస్తే పాస్ అండీ. మీరు పాసయ్యారు," అన్నాడు మాష్. అది వెటకారం కాదు, ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు. దర్శకుడు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

భార్య విలాసిని ఈ అలవాటును మొదట్లోనే కట్టడి చేసింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు మత్తి చేపల కూర వండితే, ఆయన రుచి చూసి, "పులుపు కొంచెం ఎక్కువైంది. డెబ్బై," అన్నాడట. "అయితే మిగతా ముప్ఫైకి హోటల్లో తినండి," అని ఆవిడ గిన్నె తీసుకుపోయింది. ఆ తర్వాత ఇంట్లో వేటికీ మార్కులు పడలేదు.

మాష్‌కి ఒక నమ్మకం ఉండేది. సినిమా గొప్పదో కాదో తేలడానికి కొంత కాలం పడుతుంది, కానీ చివరికి తేలుతుంది. ఒకరు ఎక్కువ వేసినా ఒకరు తక్కువ వేసినా, చాలామంది వేసిన మార్కులు కూడి సగటు తీస్తే నిజం బయటపడుతుంది. అందులో తనకు అనుమానమే లేదు. లెక్కల మనిషికి సగటు మీద నమ్మకం లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

ఉద్యోగం నుంచి విరమించాక గురువారాలు ఆయన ఊరి పాలియేటివ్ క్లినిక్ వాళ్ళతో వెళ్ళేవాడు. మంచం పట్టిన వాళ్ళ ఇళ్ళకు జీపులో వెళ్ళి కట్లు మార్చడం, మందులివ్వడం, కాసేపు కూర్చుని మాట్లాడడం, ఇదీ పని. నర్సు రంల వైద్యం చూసుకునేది, మాష్ సంచీ మోసేవాడు. కబుర్లు చెప్పడం ఆయనకు చేతకాదు. రోగి ఎదురుగా కుర్చీలో బిగుసుకుని కూర్చుని, "భోజనం అయిందా?" అని అడిగి, అయిందని చెబితే ఆ తర్వాత ఏం అడగాలో తెలియక గోడల వైపు చూసేవాడు.

ఆ ఇళ్ళలో ఒకటి మూరాడ్ నది దగ్గర నాణుది. నాణు కల్లు గీసేవాడు. ఒక వర్షాకాలం మొదట్లో కొబ్బరిచెట్టు మీంచి జారిపడ్డాడు. ఆ రోజు నుంచీ నడుము కింద కాళ్ళు అతని మాట వినడం మానేశాయి. కాళ్ళు పోయినా నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు.

"ఏం మాషే, ఈరోజు ఎన్నో ఎక్కం?" అని పలకరించేవాడు, మాష్ గుమ్మం దాటగానే.

మంచం ఎదురుగా ఉన్న టీవీని నాణు ఆపించేశాడు. కారణం అడిగితే ఇలా చెప్పాడు: "ఆ సీరియల్లో ఒకావిడ ఏడుపు మొదలుపెట్టినప్పుడు నేనింకా చెట్లెక్కుతున్నాను. పడ్డాను, ఆసుపత్రిలో ఉన్నాను, ఇంటికొచ్చాను. ఆవిడ ఇంకా ఏడుస్తానే ఉంది. నాకోసమేమో అని భయమేసి కట్టేయించాను."

రంల నవ్వాపుకోలేక చేతిలో దూది కింద పడేసింది. మాష్‌కి మాత్రం ఆ మాట పట్టుకుంది. ఈ మనిషికి ఒక మంచి సినిమా చూపిస్తే? తనకు చేతనైనది అదొక్కటే కదా. సొసైటీలో ఒక చిన్న ప్రొజెక్టరు, స్పీకరు ఉన్నాయి. మరుసటి గురువారం వాటిని తెచ్చి, నాణు కాళ్ళవైపు గోడకు తెల్లటి ముండు పంచె కట్టి, ఒక హాస్య చిత్రం వేశాడు. మనసులో ఒక లెక్క వేసుకునే తెచ్చాడు: కష్టంలో ఉన్నాడు, పెద్దగా చదువుకోలేదు, నవ్వించేది కావాలి.

సినిమా మొదలైన కాసేపటికే నాణు పాత్రలకంటే ముందే మాటలు చెప్పేయసాగాడు. ఇంటర్వెల్ దాకా కూడా ఆగలేదు.

"ఇది పండగ పండగకీ వేస్తారు మాషే. మాటలతో సహా నోటికొచ్చు. వేరే ఏదైనా ఉందా?"

"ఉంది గానీ..." మాష్ నసిగాడు. తాను తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఆదివారం సొసైటీలో వేయాల్సిన సినిమా ఉంది. "అది నీకు నచ్చదులే."

"నచ్చదని మీకెలా తెలుసు? నా పేపరు అప్పుడే దిద్దేశారా?"

ఆ సినిమా పేరు 'గోడకవతల'. ఒక పాత ఇల్లు, అందులో ఒక గది, గదిలో ఒక ముసలావిడ. ఎవరికోసమో ఎదురుచూస్తుంది. వాళ్ళు రారు. కెమెరా గది దాటి బయటికి పోదు. వడకరలో మొదటిసారి వేసినప్పుడు బీడీ తాగి వస్తామని బయటికెళ్ళిన వాళ్ళలో చాలామంది మళ్ళీ లోపలికి రాలేదు. మాష్ మాత్రం చివరిదాకా కూర్చుని తొంభై ఆరు వేశాడు. ఆయన జీవితంలో ఏ సినిమాకూ అంతకంటే ఎక్కువ వేయలేదు. ఆ తర్వాత ఎవరు ఎక్కడ గొప్ప మలయాళ సినిమాల వరుస కట్టినా ఇదే మొదటి స్థానంలో ఉంటూ వచ్చింది.

వేశాడు. నాణు కాసేపట్లో నిద్రపోతాడు, ప్రొజెక్టరు సర్దుకోవచ్చు అనుకున్నాడు. రంల పుండు కడిగి కట్టు మార్చింది, మూత్రం గొట్టం మార్చింది. నాణు భార్య కౌసు రెండుసార్లు వచ్చి తెరవైపు చూసి, "ఈ ముసలావిడ ఇంకా లేవలేదా?" అని మళ్ళీ వంటింట్లోకి పోయింది. నాణు కళ్ళు తెర మీంచి కదల్లేదు. సినిమా అయిపోయాక కూడా కాసేపు ఆ తెల్లగుడ్డనే చూస్తూ ఉండిపోయాడు.

"మళ్ళీ వేస్తారా?"

"వచ్చే గురువారం తెస్తాలే."

"వచ్చే వారం కాదు మాషే, ఇప్పుడే."

"నాణు అన్నా, నాకింకా నాలుగిళ్ళున్నాయి," అంది రంల గడియారం చూసుకుంటూ. చివరికి మాష్ ప్రొజెక్టరూ పెన్‌డ్రైవూ అక్కడే వదిలిపెట్టి, ఎలా నొక్కాలో కౌసుకు చూపించి వచ్చాడు. ఆదివారం సొసైటీలో సినిమా లేదన్నారు. ఎవరూ పెద్దగా బాధపడినట్టు లేదు.

మరుసటి వారం మాష్ ఇంకా చెప్పులు విప్పుతుండగానే లోపల్నుంచి కేక వినపడింది.

"మాషే, ఆ పిల్ల ఏమైంది?"

"ఏ పిల్ల? అందులో పిల్లలెవరూ లేరే."

"కనపడదు. వినపడుతుంది. గోడకవతల పక్కింట్లో ఒక పిల్ల పాఠం చదువుతుంటుంది, ఎక్కాలు కూడా. మీరు లెక్కల మాషు, మీరే వినలేదా? సగం సినిమా అయ్యాక ఇంక చదవదు. రోకటి చప్పుడు ఉంటుంది, ముసలాయన దగ్గు ఉంటుంది, సైకిలు గంట ఉంటుంది. ఆ పిల్ల గొంతు మాత్రం ఉండదు. ఎక్కడికెళ్ళింది?"

మాష్ గుర్తు చేసుకోబోయాడు. ఆ సినిమా గురించి ఆయన చదివిన వ్యాసాలన్నీ గది తలుపు గురించే. మూసిన తలుపు అంటే పాత కాలపు పెద్దిళ్ళ పతనం అని ఒకరు, కాదు ఆడదాని బతుకని ఇంకొకరు. పిల్ల గొంతు గురించి ఎవరూ రాసినట్టు గుర్తు లేదు.

"పెళ్ళి చేసి పంపేశారు," అన్నాడు నాణు. "మా చెల్లెల్ని అలాగే చేశారు. మొన్నటిదాకా పుస్తకం, ఇవాళ పుస్తెలతాడు."

"మీకన్నీ అలాగే తోస్తాయి," అంది కౌసు గుమ్మంలోంచి. "ఎక్కాలు చదివే పిల్లకి పెళ్ళేమిటి? జ్వరమొచ్చి ఉంటుంది. ఆ దగ్గు ముసలాయనది కాదు, ఆ పిల్లదే అయ్యుంటుంది."

"దగ్గుకి ఆడా మగా తెలీదూ నీకు?"

"హాస్టల్లో వేసుంటారు," అంది రంల సూది తీస్తూ. "నన్ను నర్సింగుకి పంపినప్పుడు మా అమ్మ నెలరోజులు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందని ఏడ్చిందట. నేను గట్టిగా చదివేదాన్ని."

ముగ్గురూ మాష్ వైపు చూశారు. సినిమాలు తెలిసినవాడు ఆయనే కదా. "చూసి చెబుతాను," అన్నాడు మాష్. తర్వాత జీపులో కూర్చున్నాక గానీ ఆయనకు తట్టలేదు. తొంభై ఆరు మార్కులు వేసిన సినిమాను తాను చూసింది కుర్రవాడిగా ఉన్నప్పుడు, ఒక్కసారి. ఆ తర్వాత ఎన్నిసార్లో దాన్ని పొగిడాడు, వరుసల్లో మొదట రాశాడు, ఉపన్యాసాల్లో ఉదాహరణగా చెప్పాడు. మళ్ళీ చూడలేదు. అవసరం పడలేదు.

ఇంటికి రాగానే కంప్యూటర్లో దాచుకున్న కాపీ తెరిచి, విలాసినిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాడు. పిల్ల గొంతు ఉంది. మధ్యలో ఆగిపోయింది కూడా. నాణు చెప్పింది నిజం.

"శబ్దానికి పదికి తొమ్మిది వేశాను," అన్నాడు మెల్లగా. "ఏం విని వేశానో గుర్తు లేదు."

"ఆ మిగతా ఒకటీ ఎందుకు కోశారో అది గుర్తుందా?" అంది విలాసిని.

అదే రోజుల్లో సొసైటీ స్వర్ణోత్సవాలు దగ్గరపడ్డాయి. అధ్యక్షుడు వకీలు బాహులేయన్‌కి ఒక ఆలోచన వచ్చింది: మలయాళంలో అత్యుత్తమ చిత్రాలు యాభై, వరుస క్రమంలో, పేరున్న విమర్శకుల చేత ఓట్లు వేయించి ప్రత్యేక సంచికగా వేయాలి. ఓట్లు సేకరించి లెక్క కట్టే పని మాష్‌దే. ఇంకెవరికిస్తారు? వచ్చిన ఓట్లన్నింటిలోనూ మొదటి పేరు 'గోడకవతల' అనే ఉంది. ఇదివరకైతే మాష్ సంతోషపడి ఊరుకునేవాడు. ఈసారి మాత్రం ఒక చిన్న ప్రశ్న నాలుక చివర దురద పెట్టసాగింది. ఫోన్ తీసి ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు.

"ఆ సినిమా ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"కాలేజీలో ఉండగా," అన్నాడు ఒక పత్రికాయన.

"మళ్ళీ చూడాలా మాషే?" అన్నాడు త్రిశూర్‌లోని ఒక లెక్చరరు, ఆశ్చర్యంగా. "అది గొప్పదని తెలుసు కదా!"

ఒక పెద్దాయన చాలా సేపు తటపటాయించి, "నిజం చెప్పనా? చూడలేదు. దాని మీద వచ్చినవన్నీ చదివాను," అన్నాడు. మాష్‌కి ఆయన మీద కోపం రాలేదు సరికదా, ఫోన్ పెట్టేశాక కాసేపు ఆయన గురించే ఆలోచించాడు. చూడకుండానే మొదటి స్థానం ఇచ్చాడు, ఆ స్థానం తప్పు కూడా కాదేమో. ఇదేం విచిత్రం?

పబ్లిక్ పరీక్షల పేపర్లు రెండుసార్లు దిద్దేటప్పుడు మొదటివాడి మార్కులు రెండోవాడికి కనపడకుండా కాగితం అంటిస్తారు. మాష్ ఎన్నో ఏళ్ళు ఆ పని చేశాడు. మొదటివాడు తొంభై వేశాడని తెలిస్తే రెండోవాడి పెన్ను దానంతటదే తొంభై దగ్గరికి పోతుంది, చదివినా చదవకపోయినా. సినిమాల విషయంలో ఆ కాగితం ఎవరూ అంటించలేదు. తాను కుర్రతనంలో వేసిన తొంభై ఆరు ఎంతమంది పెన్నుల్ని లాక్కొచ్చిందో, తనకంటే ముందు ఎవరి మాట తన పెన్నుని లాగిందో ఇప్పుడు తేల్చడం ఎలా? మరి నాణు? అతనికి ఏ మార్కూ ఎవరూ చెప్పలేదు. చెప్పిందల్లా "నీకు నచ్చదు" అని.

అలాగని నాణుని చూసి, జనానికి నచ్చిందే గొప్పదన్న నిర్ణయానికి వచ్చేద్దామంటే బీయాత్తు ఉమ్మ దానికీ అడ్డం పడింది.

ఉమ్మ అంటే ఆ వైపు ముస్లిం ఇళ్ళల్లో అమ్మ. బీయాత్తు ఉమ్మ బాగా వయసు మళ్ళిన మనిషి. తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. నాణు ఇంట్లో సినిమా వేస్తున్నారని రంల ద్వారా విని మాష్‌కి కబురు పంపింది. ఆయన వెళ్ళగానే మోనే, అంటే కొడుకా, అని పిలిచి చెయ్యి పట్టుకుంది.

"మోనే, నేను జన్మలో ఒక్క సినిమా చూశాను. ఆడపడుచుతో కలిసి, ఇంట్లో ఆసుపత్రికని చెప్పి. జమీల అని ఒక పిల్ల కథ. పెళ్ళికూతురు పట్టుచీరతో వానలో నడిచిపోతుంది చూడూ, అలాంటిది ఎవరూ తీయలేరు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వాన నా చెవుల్లో కురుస్తుంది. అది మళ్ళీ చూపించు."

'జమీల' సంగతి మాష్‌కి తెలుసు. దానికి తాను ముప్ఫై ఒకటి వేసినట్టు బాగా గుర్తు. ఆ ఏడాది సినిమాల్లో ఫెయిలైంది అదొక్కటే. అప్పుడు వేసింది తప్పేమో, ఒక మనిషి చెవుల్లో ఇన్నేళ్ళు కురిసిన వానను తాను వినలేకపోయాడేమో అనిపించింది. ఎక్కడెక్కడో వెతికి, ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన మసక కాపీ ఒకటి పట్టుకున్నాడు. బీయాత్తు ఉమ్మ ఇంట్లో కోడళ్ళూ మనవరాళ్ళూ అంతా చేరారు. పత్తిరి అనే బియ్యపు రొట్టెలు, కోడికూర వండారు. పండగలా ఉంది.

సినిమా సాగింది. జమీల ఏడ్చింది, జమీల తల్లి ఏడ్చింది, జమీలను మోసం చేసినవాడు కూడా చివర్లో ఏడ్చాడు. పెళ్ళికూతురు పట్టుచీరతో నడిచిపోయే దృశ్యం వచ్చింది. మాష్ ముందుకు వంగి చూశాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. చుక్క వాన లేదు.

"ఇది కాదు," అంది బీయాత్తు ఉమ్మ.

"ఇదే ఉమ్మా. జమీల అంటే ఇదొక్కటే ఉంది."

"మరి వానేదీ?"

ఎవరికీ అర్థం కాలేదు. మొత్తం అయిపోయింది, ఎక్కడా వాన రాలేదు. ఆవిడ దిండు మీద తల వాల్చి చాలాసేపు ఆలోచించింది. తర్వాత మొహం విచ్చుకుంది.

"హాలుది రేకుల కప్పు మోనే! ఆ రోజు కుండపోత. మాటలు సరిగ్గా వినపడలేదు కూడా. నేనూ మా ఆడపడుచు సైనబీ ఇంటికెళ్తే చంపేస్తారని ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని కూర్చున్నాం. వాన బయట కురిసింది!" పళ్ళులేని నోటితో పగలబడి నవ్వింది. "మాటలు వినపడకపోవడమే మంచిదైంది. ఛీ, ఛీ, ఇంత ఏడుపా! నువ్వు మార్కులేస్తావటగా, దీనికెన్ని వేశావు?"

"ముప్ఫై ఒకటి," అన్నాడు మాష్ భయపడుతూ.

"ఎక్కువేశావు," అంది బీయాత్తు ఉమ్మ.

జీపులో తిరిగొస్తూ రంల అడిగింది. "అయితే మాషే, ఆవిడకి ఇన్నాళ్ళూ నచ్చింది సినిమానా, వానా?"

"తెలీదు రంలా. రెండూ విడదీయడం ఎలాగో కూడా తెలీదు," అన్నాడు మాష్. అలా తెలియకపోవడం ఆయనకు ఎందుకో బాగుంది. ఎప్పుడూ లేనంత హుషారుగా ఉన్నాడు ఆ రోజు.

స్వర్ణోత్సవ సంఘం సమావేశంలో ఆయన ఒక ప్రతిపాదన పెట్టాడు. ఓటు వేసే ప్రతివాళ్ళూ తాము పేరు రాసే సినిమాను ఇప్పుడు మళ్ళీ ఒకసారి చూసి వేయాలి.

వకీలు బాహులేయన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మాషే, ఇంతమంది ఇన్నిన్ని సినిమాలు చూసి ఓట్లు పంపేలోపు మనకి శతాబ్ది ఉత్సవాలు వచ్చేస్తాయి."

"వస్తే రానివ్వండి. తొందరేముంది?"

"తొందర మీకు లేదు, ప్రెస్సువాడికి ఉంది. అయినా ఫలితం మారుతుందా? 'గోడకవతల' మొదటి స్థానంలో ఉండదంటారా?"

"ఉండొచ్చు."

"మరింకేం?"

"ఎందుకుందో తెలుస్తుంది కదా వకీలుగారూ," అన్నాడు మాష్. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ప్రతిపాదన వీగిపోయింది. మాష్ అలగలేదు. ఓట్లు లెక్క కట్టి, వరుస రాసి ప్రెస్సుకి ఇచ్చాడు. తన ఓటు మాత్రం వేయలేదు. ఎందుకు వేయలేదని అడిగితే, "ఇంకా చూస్తున్నాను," అన్నాడు.

పిల్ల సంగతి తేల్చాలన్న పట్టుదల మాత్రం ఆయన్ని వదల్లేదు. దర్శకుడు పోయి చాలాకాలమైంది. కానీ పేర్లు పడేటప్పుడు శబ్దం దగ్గర కురియాకోస్ అని ఒక పేరుంది. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఆయన తిరువనంతపురంలో కొడుకు దగ్గర ఉన్నాడని తెలుసుకుని, నంబరు సంపాదించాడు. ఒక గురువారం నాణు మంచం పక్కన కూర్చుని, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి ఫోన్ చేశాడు. రంల చేతిలో కట్టు అలాగే పట్టుకుని నిలబడింది. కౌసు పాలు కలపని కట్టన్ చాయ్ గ్లాసులతో గుమ్మంలో ఆగిపోయింది.

"ఆ సినిమా గురించేనా?" అంది అవతలి ముసలి గొంతు, కాస్త విసుగ్గా. "తలుపు సంగతి నాకు తెలీదండీ. అందరూ అదే అడుగుతారు. నేను మైకు పట్టుకున్నవాణ్ణి."

"తలుపు కాదండీ. పక్కింట్లో ఎక్కాలు చదివే పిల్ల."

అవతల నవ్వు వినపడింది. "అది విన్నవాళ్ళున్నారా? అది మేం కల్పించింది కాదండీ. షూటింగ్ చేసిన ఇంటి పక్కన నిజంగానే ఒక కుటుంబం ఉండేది. మాటలు అక్కడికక్కడే పట్టాలని డైరెక్టరు పట్టు. వాళ్ళేమో దంచుతారు, దగ్గుతారు, పిల్ల గొంతెత్తి చదువుతుంది. కాస్త ఆగండమ్మా అని బతిమాలి బతిమాలి నా గొంతు పోయింది. చివరికి డైరెక్టరే, వాళ్ళ ఇల్లు వాళ్ళది, ఉండనీ అన్నాడు."

"మరి సగంలో ఆ పిల్ల గొంతు ఆగిపోతుంది కదా?" నాణు ఉండబట్టలేక మధ్యలో అరిచాడు. "పెళ్ళి చేశారా?"

"ఎవరండీ అది?"

"ఆ సినిమా రోజూ చూసే మనిషి," అన్నాడు మాష్.

"రోజూనా!" కురియాకోస్ నిజంగానే తెల్లబోయాడు. "పెళ్ళా పాడా. సినిమాని కథ వరసలోనే తీశాం, నాలుగు రోజులు పోయాక ఆ పిల్ల చదువు మానేసింది. గోడెక్కి కూర్చుని షూటింగ్ చూసేది. పొద్దున్నించి సాయంత్రందాకా, జామకాయ కొరుక్కుంటూ. కిక్కురుమనేది కాదు. వాళ్ళమ్మ చీపురు పట్టుకుని వచ్చేదాకా దిగేది కాదు."

నాణు నవ్వడం మొదలుపెట్టాడు. నడుము పైన ఉన్న ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వాడు. కౌసు టీ ఒలికిపోతోందని గ్లాసులు కింద పెట్టి తానూ నవ్వింది. "జ్వరం కాదు, పెళ్ళి కాదు!" అంది రంల. "గోడ మీద జామకాయ!"

ఫోన్ పెట్టేశాక మాష్ అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "నాణూ, అసలు సంగతి తెలిసిపోయింది కదా. ఇప్పుడు నీకా సినిమా తగ్గిపోయిందా?"

"తగ్గడమేంటి?"

"అంటే, వాళ్ళు కావాలని పెట్టింది కాదు. అనుకోకుండా పడింది. నువ్వేమో ఇన్నాళ్ళూ దానికోసమే చూశావు."

నాణు కళ్ళు తుడుచుకున్నాడు. "మాషే, నేను చెట్టు మీంచి పడింది కూడా కావాలని కాదు. పడ్డాను కదా. ఇప్పుడు ఇంకోసారి పెట్టండి. ఆ ముసలావిడ అలా కూర్చుని ఎదురుచూస్తుంటే గోడ మీద ఆ పిల్ల కూర్చుని ఆవిణ్ణే చూస్తోందనుకుని చూస్తాను. ఇన్నాళ్ళూ ఆవిడ ఒక్కతే అనుకున్నాను."

మాష్ పెట్టాడు. ఆయనకూ సినిమా కొత్తగానే కనపడింది.

స్వర్ణోత్సవ సంచిక అచ్చయి వచ్చింది. నున్నటి కాగితం, రంగుల అట్ట. మాష్ ఒక ప్రతి నాణుకి తెచ్చి, మొదటి పేజీ విప్పి చూపించాడు.

"చూడు, నీ సినిమాకి మొదటి స్థానం వచ్చింది."

నాణు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పందెం ఎవరెవరికి మాషే?"

"పందెం కాదు. పెద్దవాళ్ళంతా కలిసి ఇదే అన్నిటికంటే గొప్పదన్నారు."

"ఊఁ," అన్నాడు నాణు. ఆ విషయం అతనికి పెద్దగా పట్టినట్టు లేదు. కానీ వేలు పెట్టి కిందికి జరిపాడు. "ఈ రెండోదేంటి? అది చూపించలేదే నాకు?"

మాష్ వచ్చే వారం దాన్ని తెచ్చాడు. అదొక గుమస్తా కథ, ఊరు మారిన గుమస్తా కొత్త ఊళ్ళో అద్దె ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతాడు. నాణు కొంచెంసేపు ఓపిక పట్టాడు. తర్వాత మొహం తిప్పుకున్నాడు.

"ఆపండి మాషే. వీడికి ఇల్లు దొరికితే నాకేంటి, దొరక్కపోతే నాకేంటి? కాళ్ళున్నాయి, తిరుగుతాడు."

మాష్ లేచి ప్రొజెక్టరు దగ్గరికి వెళ్ళాడు. బొత్తాం మీద వేలు పెట్టాడు.

"ఉండండి," అంది కౌసు.

ఇద్దరూ తలతిప్పి చూశారు. ఎప్పుడొచ్చిందో, వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో సగం చెక్కిన కర్రపెండలం దుంపలు. కత్తి చేతిలోనే ఉంది. ఆ ఇంట్లో ఆవిడ పగటిపూట కూర్చోవడం మాష్ ఎన్నడూ చూడలేదు.

"ఆపొద్దు," అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "ఆ మూడో ఇల్లు మళ్ళీ చూపిస్తాడేమో చూడాలి. కిటికీలోంచి నది కనపడింది దాంట్లో."

"నీకెందుకే వాడి ఇల్లు?" అన్నాడు నాణు.

"మీకు నచ్చకపోతే కళ్ళు మూసుకోండి."

నాణు నోరెళ్ళబెట్టి భార్య వైపు చూశాడు. మాష్ బొత్తాం మీంచి వేలు తీసి, చప్పుడు కాకుండా కుర్చీ జరుపుకుని, తెరవైపు కాకుండా కౌసు మొహం కనపడేలా కూర్చున్నాడు.